అమ్మ మోకాళ్లకు ఆక్యుపంక్చర్ చేయించవచ్చా? పరిశోధనలు తేల్చింది, నేను చూసింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారికి 62 ఏళ్లు. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిందని ఎక్స్‌రేలో తేలింది. పదేళ్లుగా షుగర్ ఉంది. పక్కవీధిలో ఒకావిడకు ఆక్యుపంక్చర్‌తో, అంటే ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యంతో, బాగా తగ్గిందని విని ఒక సెంటర్‌కు తీసుకెళ్లారు. వాళ్లు 20 సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు ముందే కట్టమన్నారు, సగం సిట్టింగులు అయ్యేసరికి షుగర్ మాత్రలు కూడా మానేయవచ్చన్నారు. మీ అన్నయ్యేమో అదంతా బూటకం, పరిశోధనల్లో ఎప్పుడో తేలిపోయింది అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ముందు షుగర్ సంగతి. మాత్రలు ఆపకండి. సూదులు పెట్టించుకుంటే షుగర్ మాత్రలు అక్కర్లేదని చూపించిన నమ్మదగిన పరిశోధన ఒక్కటీ లేదు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది. కొన్నేళ్ల కిందట రిటైరైన టీచరు ఒకాయన నడుము నొప్పికి నా దగ్గరికి వచ్చారు. షుగర్ ఉన్నవాళ్లు ఏ నొప్పికి వచ్చినా చెప్పులు విప్పించి పాదాలు చూడటం నాకు అలవాటు. ఎడమకాలి బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు ఉంది. స్పర్శ పోయింది కాబట్టి అది ఉన్నట్టు ఆయనకే తెలియదు. నాలుగు నెలలుగా సూదుల కోర్సు చేయించుకుంటున్నారట, మొదటి వారంలోనే మాత్రలు మానేయమన్నారట. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆయనకు ఆ నష్టం చేసింది సూది కాదు, సూది పక్కన చెప్పిన మాట. మీరు వెళ్లిన సెంటర్‌లో కూడా అదే మాట అన్నారు కాబట్టి, మోకాళ్లకైనా సరే అక్కడికి మాత్రం అమ్మగారిని పంపకండి. ఆక్యుపంక్చర్ చేసేవాళ్లు వేరేచోట కూడా ఉన్నారు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. నేను మత్తు డాక్టర్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఆపరేషన్ థియేటర్‌లోనూ, నొప్పుల క్లినిక్‌లోనూ పని చేస్తున్నాను. మధ్యలో ఆక్యుపంక్చర్ కూడా నేర్చుకున్నాను, కొందరు పేషెంట్లకు చేస్తున్నాను. అన్నయ్య మాటలో కొంత నిజం ఉంది, పక్కవీధి ఆవిడ అనుభవంలోనూ నిజం ఉంది. రెండూ ఎలా నిజమవుతాయో తెలియాలంటే పరిశోధన ఎలా చేశారో కొంచెం చూడాలి.

ఆ సూది మీరు అనుకునే సూది కాదు. ఇంజెక్షన్ సూదిలోంచి మందు వెళ్లాలి కాబట్టి లోపల బోలుగా ఉంటుంది. ఇది సన్నటి ఉక్కు తీగ, మందం పావు మిల్లీమీటరు. దీంట్లో మందేమీ ఉండదు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, చర్మానికి ఆనించి, వేలితో ఒక్క తట్టు తడితే దిగుతుంది. దిగేటప్పుడు చీమ కుట్టినంత కూడా ఉండదు. లోపలికి వెళ్లాక కాస్త తిప్పితే మాత్రం ఒక బరువు, ఒక లాగుడు, తిమ్మిరి లాంటిది వస్తుంది. చైనావాళ్లు దాన్ని ‘దె చీ’ అంటారు. మా పేషెంట్లు ‘పీకుతోందమ్మా’ అంటారు.

మరి ఇది పని చేస్తుందో లేదో పరీక్షించడం ఎలా? మాత్ర అయితే సులువు, సగం మందికి పిండి మాత్ర ఇస్తారు, ఏది ఎవరికి ఇచ్చారో చెప్పరు. సూది గుచ్చామో లేదో పేషెంటుకు తెలియకుండా ఎలా ఉంటుంది? దీనికి 1998లో జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ అనే డాక్టరు ఒక ఉపాయం చేశారు. నాటకాల్లో పొడుచుకునే కత్తి చూశారు కదా, మొన పిడిలోకి జారిపోతుంది, చూసేవాళ్లకు దిగినట్టే కనిపిస్తుంది. ఆ సూది కూడా అంతే. మొన మొద్దుగా ఉంటుంది, చర్మానికి తగలగానే సూది పైపిడిలోకి జారుతుంది. చిన్న రింగు, ప్లాస్టరు ఉంటాయి కాబట్టి పడిపోకుండా నిలబడుతుంది. నేను ఒకసారి దాన్ని నా ముంజేతి మీద పెట్టించుకుని చూశాను. గుచ్చినట్టే చురుక్కుమంది! తీసి చూస్తే చర్మం మీద చిన్న నొక్కు తప్ప ఏమీ లేదు. కొన్ని పరిశోధనల్లో ఈ ఉత్తుత్తి సూది వాడారు, మరికొన్నింటిలో నిజం సూదినే ఆక్యుపంక్చర్ పాయింటు కాని చోట, లోతు లేకుండా పైపైన గుచ్చారు.

ఇప్పుడు మోకాళ్లు. జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థలకు ఒక సందేహం వచ్చింది: లక్షల మంది ఆక్యుపంక్చర్ అడుగుతున్నారు, డబ్బు ఇవ్వాలా వద్దా? తేల్చడానికి చాలా పెద్ద పరిశోధనలే చేయించారు. మోకాళ్ల మీద జరిగినదాంట్లో 1,007 మంది ఉన్నారు, ఫలితం 2006లో వచ్చింది. మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చైనా పద్ధతిలో పాయింట్లు చూసి సూదులు, ఒక గుంపుకు పాయింట్లు కాని చోట పైపైన సూదులు, మూడో గుంపుకు డాక్టరు మామూలుగా చూడటం. నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ మూడు గుంపులకూ ఉన్నాయి. ఆరు నెలల తరువాత చూస్తే, చెప్పుకోదగ్గంత మెరుగైనవాళ్లు మొదటి గుంపులో వందకు 53 మంది, రెండో గుంపులో 51 మంది, మూడో గుంపులో 29 మంది.

ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. 53కీ 29కీ మధ్య దూరం చూస్తే పక్కవీధి ఆవిడ గెలిచారు. 53కీ 51కీ మధ్య దూరం చూస్తే మీ అన్నయ్య గెలిచారు. నడుము నొప్పి మీద 1,162 మందితో 2007లో వచ్చిన పరిశోధన కూడా అచ్చం ఇలాగే ఉంది: 47.6, 44.2, 27.4.

అందుకే దేశాలు కూడా ఒక మాట మీద లేవు. జర్మనీ ఈ ఫలితాలు చూసి, 2007 నుంచి మోకాళ్ల అరుగుదలకు, దీర్ఘకాలిక నడుము నొప్పికి బీమాలో ఆక్యుపంక్చర్ చేర్చింది. ఎప్పుడూ ఇచ్చే వైద్యం కన్నా పేషెంట్లు బాగున్నారా లేదా అన్నదే వాళ్లు అడిగిన ప్రశ్న. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, మోకాళ్ల అరుగుదలకు ఆక్యుపంక్చర్ ఇవ్వవద్దంది. ఉత్తుత్తి సూది కన్నా అసలు సూది ఎంత ఎక్కువ చేసింది అన్నది వాళ్ల ప్రశ్న. అదే నైస్ సంస్థ మైగ్రేన్ రాకుండా చూసుకోవడానికి పది సిట్టింగుల దాకా ఆలోచించవచ్చు అంటుంది. నడుము నొప్పి విషయంలో 2009లో సరే అని, 2016లో వెనక్కి తీసుకుంది. అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్, 2020 జనవరి నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగులకు డబ్బు ఇస్తోంది. అక్కడ మన పిల్లల దగ్గర ఉండే తల్లిదండ్రులు కొందరు ‘అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుంది’ అని చెబుతుంటారు. ఒప్పుకున్నది నడుము నొప్పికి మాత్రమే, షుగర్‌కో థైరాయిడ్‌కో కాదు.

ఒక్కో పరిశోధన కాకుండా అన్నీ కలిపితే ఏం వస్తుందని అడుగుతారేమో. అమెరికాలో ఆండ్రూ వికర్స్ బృందం ఆ పని చేసింది. 2012లో 29 పరిశోధనల్లోని 17,922 మంది వివరాలను, ఒక్కో పేషెంటు లెక్క విడిగా తెప్పించుకుని కలిపారు. వాళ్లే ఇచ్చిన ఉదాహరణ చెబుతాను. నొప్పి వందకు 60 ఉన్నవాళ్లను తీసుకుంటే, సూదులు లేనివాళ్లకు అది 43కి దిగుతుంది, ఉత్తుత్తి సూదులవాళ్లకు 35కి, అసలు సూదులవాళ్లకు 30కి. 2018లో మరికొన్ని పరిశోధనలు చేర్చి 20,827 మందితో మళ్లీ చూసినా చిత్రం పెద్దగా మారలేదు, పైగా వచ్చిన ఉపశమనంలో చాలా భాగం ఏడాది దాకా నిలిచింది.

ఇందులో ఒక్క అంకె మీద ఆగుదాం. సూదులు లేకపోయినా 60 నుంచి 43కి ఎందుకు దిగింది? మామూలు వైద్యం కొంత. మిగతాది నొప్పి స్వభావం. మోకాళ్ల నొప్పి రోజూ ఒక్కలా ఉండదు. పెళ్లిపనుల్లో తిరిగాక, చలిలో, నాలుగు రోజులు మెట్లు ఎక్కి దిగాక ముదురుతుంది. ముదిరినప్పుడే మనం వైద్యానికి పరిగెత్తుతాం. అక్కడి నుంచి ఏం చేసినా చేయకపోయినా కొంత తగ్గాల్సిందే. ఆ తగ్గుదల అప్పుడు చేయించుకున్న వైద్యం ఖాతాలో పడుతుంది. పక్కవీధి ఆవిడకు తగ్గినదాంట్లో ఇది ఎంతో ఆవిడా చెప్పలేరు, నేనూ చెప్పలేను.

తరువాత 43 నుంచి 35కి వచ్చిన ఆ ఎనిమిది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. సూది సరైన పాయింటులో లేదు, కొన్నిసార్లు దిగనే లేదు, అయినా నొప్పి తగ్గింది. ఎందుకు? దీని మీద హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ బృందం 2008లో ఒక పరిశోధన చేసింది. కడుపులో పేగుల ఇబ్బంది, అంటే ఐబీఎస్ ఉన్న 262 మందిని తీసుకున్నారు. ఈ లెక్కలో అసలు సూది ఎవరికీ పెట్టలేదు. ఒక గుంపును ఊరికే వేచి ఉండమన్నారు. రెండో గుంపుకు ఉత్తుత్తి సూదులు పెట్టారు, కానీ పెట్టేవాళ్లు పెద్దగా మాట్లాడరు. మూడో గుంపుకు అవే ఉత్తుత్తి సూదులు, కానీ వైద్యులు కూర్చుని బాధ విన్నారు, ప్రశ్నలు అడిగారు, ధైర్యం చెప్పారు. మూడు వారాలకు ‘నాకు సరిపడా ఉపశమనం వచ్చింది’ అన్నవాళ్లు వరుసగా వందకు 28, 44, 62 మంది.

ఇది చదివాక నా క్లినిక్‌లో నేను మార్చుకున్న పని ఒకటుంది. మోకాళ్ల నొప్పితో వచ్చినవాళ్లను ఐదు నిమిషాల్లో పంపడం మానేశాను. రోజులో ఏ పనికి కాళ్లు సహకరించడం లేదో అడుగుతాను. ఎక్కువమంది చెప్పేది నొప్పి గురించి కాదు. పూజ దగ్గర కింద కూర్చోలేకపోవడం, మనవడిని ఎత్తుకోలేకపోవడం, బస్సు మెట్టు ఎక్కేటప్పుడు వెనకవాళ్లు విసుక్కోవడం. ఆక్యుపంక్చర్ చేసేవాళ్ల దగ్గర పేషెంటుకు దొరికేది ముప్పావు గంట సమయం, ఒక పడక, ఒక చేతి స్పర్శ, ఎదురు చూడటానికి ఒక తేదీ. మన ఆసుపత్రుల్లో డాక్టర్ల దగ్గర ఇది దొరకడం లేదు. ఆ లోటు మాది, ఒప్పుకుంటున్నాను. జర్మనీ పరిశోధనలో మూడో గుంపు అంత వెనకబడటానికి కూడా ఇదొక కారణం అనుకుంటాను: ఏళ్ల తరబడి చేయించుకుంటున్న వైద్యమే మళ్లీ ఇస్తామంటే ఎవరికి ఆశ పుడుతుంది?

చివరి ఐదు, అంటే 35 నుంచి 30కి. అది అసలు సూది వాటా. చిన్నదే. సున్నా మాత్రం కాదు. సూది గుచ్చితే శరీరంలోనే నొప్పి తగ్గించే పదార్థాలు, ఎండార్ఫిన్లు విడుదలవుతాయని 1970ల నుంచి ఆధారాలు ఉన్నాయి. వాటిని అడ్డుకునే నాలోక్సోన్ మందు ఇస్తే సూది వల్ల వచ్చిన ఉపశమనం తగ్గిపోయిందని 1977లో ఒక ప్రయోగం చూపింది. 2010లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో సూది పెట్టిన చోట అడెనోసిన్ అనే పదార్థం పెరిగింది. అయితే చైనా పుస్తకాల్లో గీసిన శక్తి మార్గాలు, మెరిడియన్లు, శరీరాన్ని కోసి చూస్తే ఎక్కడా లేవు. ఫలానా పాయింటే కావాలన్న పట్టుదలకు పరిశోధనల్లో బలం తక్కువ.

ఒక్కచోట మాత్రం పాయింటుకు మిగతావాటి కన్నా మెరుగైన ఆధారం ఉంది, అది నా వృత్తికి సంబంధించినది కాబట్టి చెప్పకుండా ఉండలేను. మణికట్టు లోపలివైపు గీత నుంచి మూడు వేళ్లు పైకి, రెండు నరాల్లా పైకి కనిపించే కండరాల తీగల మధ్య ఒక పాయింటు ఉంది. పీసీ 6 అంటారు. ఆపరేషన్ తరువాత వచ్చే వాంతులకు, వికారానికి అక్కడ సూదో, నొక్కుడో, చిన్న బటన్ ఉన్న పట్టీయో వాడతారు. 2015లో, పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 59 పరిశోధనలు, 7,667 మందిని కలిపి చూసింది. ఉత్తుత్తి కన్నా మెరుగు, వాంతుల మందులకు దాదాపు సమానం అని తేలింది. మందు పడని పేషెంట్లకు నేను ఇది వాడతాను. ఖర్చు లేదు, హాని చాలా తక్కువ.

పనికిరాని చోట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో డబ్బు ఎక్కువగా పోతున్నది అక్కడే. పిల్లల కోసం ఐవీఎఫ్ చేయించుకునేవాళ్లకు సూదులు పెడితే ఫలితం పెరుగుతుందని ఆశ పెడుతున్నారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 848 మంది మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది: బిడ్డ పుట్టినవాళ్లు అసలు సూదులతో 18.3 శాతం, ఉత్తుత్తి సూదులతో 17.8 శాతం. తేడా లేనట్టే. అండాశయాల్లో నీటిబుడగల సమస్య, అంటే పీసీఓఎస్ ఉన్న వెయ్యి మంది మీద చైనాలోనే చేసి 2017లో ప్రకటించిన పరిశోధనలో కూడా సూదుల వల్ల ప్రసవాలు పెరగలేదు. చైనాలోనే అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇదే వికర్స్ 1998లో దేశాలవారీగా పాత ఆక్యుపంక్చర్ పరిశోధనలు తిరగేస్తే చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి వచ్చినవన్నీ అనుకూలంగానే ఉన్నాయి. ఏ వైద్యమైనా ప్రతిసారీ గెలవడం జరగని పని. అందుకే ‘వందల పరిశోధనలు ఉన్నాయి’ అని ఎవరైనా అంటే, ఉత్తుత్తి సూదితో పోల్చారా, ఎంతమంది మీద చేశారు అని అడగండి.

మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేసిన వీడియో మీకూ వచ్చే ఉంటుంది. ఆ కథ పాశ్చాత్య దేశాల్లో పాకడానికి కారణం న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్. 1971 జూలైలో చైనాలో ఉండగా ఆయనకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. చాలామంది ఆ ఆపరేషనే సూదులతో జరిగిందనుకుంటారు. ఆయన రాసింది అది కాదు. మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే చేశారు. రెండో రాత్రి కడుపు ఉబ్బరంతో బాధపడుతుంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు పెట్టారు, గంటలో తేలికపడింది.

మన దేశానికి దీన్ని తెచ్చినది డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన వైద్య బృందంలో ఆయన ఒకరు. 1950ల చివర్లో మళ్లీ వెళ్లి నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్‌లో 1996 నుంచి, ఆ తరువాత మహారాష్ట్రలో దీనికి ప్రత్యేక చట్టాలున్నాయి. మన దగ్గర బీఎన్‌వైఎస్ చదివిన ప్రకృతి వైద్యులు కోర్సులో భాగంగా దీన్ని నేర్చుకుంటారు, కొందరు ఎంబీబీఎస్ డాక్టర్లు విడిగా నేర్చుకున్నారు. వారాంతపు సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఎక్కడ చదివారని అడగడానికి మొహమాటపడకండి.

ప్రమాదం ఎంత? తెలిసినవాళ్లు చేస్తే తక్కువే. జర్మనీలో డాక్టర్లు చేసిన 2,29,230 మంది పేషెంట్లను గమనించి 2009లో రాశారు. 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, ఎక్కువగా చిన్న రక్తపు చుక్క, కమిలిన మచ్చ. ఇద్దరికి మాత్రం ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. అది ఛాతీ, భుజం దగ్గర లోతుగా గుచ్చితే జరిగేది, మోకాలికి ఆ భయం లేదు. అమ్మగారి విషయంలో చూడాల్సింది వేరు. షుగర్ ఉంది కాబట్టి సూదులు ప్రతిసారీ కొత్త ప్యాకెట్టు మీ కళ్ల ముందు చింపి వాడాలి, వాడినవి పారేయాలి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే పాదాలకు సూదులు, వేడి కాపడాలు వద్దనండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టించకూడదు.

ఇంత చెప్పి, నేనైతే మా అమ్మకు చేయిస్తానా అంటే, చేయిస్తాను. కారణం నొప్పి మాత్రలు. షుగర్ ఉన్న 62 ఏళ్ల మనిషి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని నెలల తరబడి మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతినే ప్రమాదం ఉంది. దానితో పోలిస్తే ఒక మోస్తరు ఉపశమనం ఇచ్చి హాని తక్కువ చేసే పద్ధతి మేలే, అది ఎందుకు పని చేస్తుందన్న తగవు తేలకపోయినా. కానీ 20 సిట్టింగులకు ముందే డబ్బు కట్టను. ఏ సిట్టింగుకు ఆ సిట్టింగు డబ్బు. జర్మనీ పరిశోధనలో ఇచ్చినది పది సిట్టింగులు, కొంత గుణం కనిపించినవాళ్లకే ఇంకో ఐదు. ఆరింటికి తేడా ఏమీ కనిపించకపోతే మానేయండి.

తేడా తెలియడానికి ఒక నోటు పుస్తకం పెట్టండి. వారానికి రెండుసార్లు నొప్పికి పదికి ఎంతో అమ్మగారినే అడిగి రాయండి, దాని పక్కన ఒక పని పేరు కూడా. ‘చేత్తో పట్టుకోకుండా కుర్చీలోంచి లేచింది’, ‘మేడ మెట్లు ఆగకుండా దిగింది’, అలా. సిట్టింగులు మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచే రాయడం మొదలుపెడితే పోల్చడానికి ఉంటుంది.

వ్యాయామం దీనికి పోటీ కాదు, రెండూ కలిసి సాగాలి. నిజానికి మోకాళ్లకు సూదుల కన్నా దానికే ఆధారం ఎక్కువ. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, తొడ ముందు కండ బిగించి, పది అంకెలు లెక్కపెట్టి దించడం. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున్నా సాయంత్రం. బరువు ఐదారు కిలోలు తగ్గినా మోకాలికి తెలుస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర రెండుసార్లు నేర్చుకుంటే తరువాత ఇంట్లోనే చేసుకోవచ్చు. నొప్పి కాస్త తగ్గిన రోజుల్లో ఈ వ్యాయామం అందుకోవడం సులువు, అందుకే సూదులు మొదలైన వారమే ఇదీ మొదలుపెట్టమంటాను.

మొదటి సిట్టింగుకు ఖాళీ కడుపుతో మాత్రం పంపకండి. ఖాళీ కడుపు, కొంచెం భయం, పైగా షుగర్ మాత్ర ప్రభావం కలిస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. టిఫిన్ తిని, మాత్ర వేసుకుని, గంట తరువాత వెళ్లమనండి. కాసేపు కదలకుండా పడుకోవాలి కాబట్టి మోకాలి పైకి సులువుగా మడిచే బట్టలు వేసుకోమనండి. మొదటిరోజు మీరు పక్కనే ఉండండి.